3.0 పనంతా 2.9లోనే: ఓపెన్ సోర్స్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌కి మేజర్ వెర్షన్ ప్లాన్ చేసుకోవడం ఎలా

మార్చి నెల. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) దించడానికి చోటు దొరకని రోజులు. అక్కడ ఒక కమీషన్ కొట్టులో రైతులకిచ్చే పట్టీ మీద తేదీ తిరగబడి వచ్చింది. 4-3 అని పడాల్సింది 3-4 అని పడింది. ఆ కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రాం రాసింది నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్. అది నడిచేది విజయవాడలో మేం ఆరుగురం ఖాళీ దొరికినప్పుడల్లా చూసుకునే ఒక చిన్న పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ మీద. ముందురోజే మేం 2.0 విడుదల చేశాం. అదే రాత్రి మావాడు సర్వర్ మార్చాడు. వెర్షన్‌కి పైహద్దు పెట్టుకోలేదు కాబట్టి, పైథాన్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ నేరుగా 2.0 తెచ్చి పెట్టింది.

టెంప్లేట్లలో తేదీ డిఫాల్ట్ మార్చిన సంగతి మా చేంజ్‌లాగ్‌లో (మార్పుల జాబితాలో) ఎక్కడో నలభయ్యో లైనులో ఉంది. ఎందుకు మార్చామంటే, కొత్తగా తెచ్చుకున్న ఒక లైబ్రరీలో డిఫాల్ట్ అలా ఉంది కాబట్టి. అంతకుమించి కారణమేమీ లేదు. మావాడు ఫోన్ చేసి తిట్టలేదు. "ఒరేయ్, ఈ రెండు పట్టీల్లో ఏ తేదీ నమ్మాలని గుమాస్తా గారు అడుగుతున్నారు, ఏం చెప్పమంటావు?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ దెబ్బతో 3.0కి పద్ధతి మార్చుకున్నాం. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. మీ ఫ్రేమ్‌వర్క్ పైథాన్‌లో ఉన్నా, జావాస్క్రిప్ట్‌లో ఉన్నా, పీహెచ్‌పీలో ఉన్నా క్రమం పెద్దగా మారదు.

ముందు ఒక లెక్క సరిచేసుకోండి

సెమాంటిక్ వెర్షనింగ్ ప్రకారం మూడు అంకెలుంటాయి. చివరిది బగ్ ఫిక్సులకి, మధ్యది (మైనర్) పాతదాన్ని చెడగొట్టని కొత్త సౌకర్యాలకి, మొదటిది (మేజర్) పాత కోడ్ ఆగిపోయే మార్పులకి. ఇది అందరికీ తెలిసిందే. కానీ దీనిలోంచి వచ్చే రెండో మాట చాలామంది పట్టించుకోరు: కొత్త సౌకర్యం తేవడానికి మేజర్ వెర్షన్ అవసరమే లేదు. మేజర్ వెర్షన్ ఉన్నది తీసేయడానికి.

పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ సిమ్ఫనీ దీన్ని అక్షరాలా పాటిస్తుంది. 2023 నవంబర్‌లో 6.4, 7.0 రెండూ కలిసి వచ్చాయి. సౌకర్యాల్లో రెండూ దాదాపు ఒకటే. 6.4లో పాత పద్ధతులు వార్నింగులతో పనిచేస్తాయి, 7.0లో అవి ఉండవు. 6.4లో వార్నింగులన్నీ తీర్చుకున్నవాడికి 7.0కి వెళ్లడం పెద్ద పని కాదు. 2020 అక్టోబర్‌లో వచ్చిన జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్ 17 అయితే, డెవలపర్లకి ఇందులో కొత్త సౌకర్యాలేమీ లేవని ముందే చెప్పి మరీ వచ్చింది. ఒకే పేజీలో రెండు రియాక్ట్ వెర్షన్లు గొడవపడకుండా ఉండేలా ఈవెంట్ల లోపలి పద్ధతి మార్చడం దాని అసలు పని. తర్వాతి అప్‌గ్రేడ్లకి దారి వేసి పెట్టారన్నమాట.

మా 2.0లో మేం చేసింది దీనికి తలకిందులు. కొత్త రౌటర్ (ఏ లింక్‌కి ఏ కోడ్ నడవాలో చెప్పేది), కొత్త సెషన్లు, కొత్త టెంప్లేట్ ఇంజన్ అన్నీ ఒకే మూటలో కట్టి జనం నెత్తిన పెట్టాం.

మొదటి అడుగు: ఏం విరుగుతుందో రాయండి

సత్యనారాయణపురంలో మా ఇంటి డాబా మీద ఒక ఆదివారం సాయంత్రం కూర్చుని, పాత క్యాలెండర్ కాగితాల వెనక రాశాం. 3.0లో ఏం తెద్దామని కాదు, ఏం తీసేద్దామని. ముప్పై ఒకటి తేలాయి. ప్రతిదాని పక్కనా మూడు విషయాలు రాశాం. ఇది ఉండటం వల్ల మాకేం కష్టం? తీసేస్తే వాడేవాళ్లకి ఎంత పని? వాళ్ల కోడ్‌ని ఒక ప్రోగ్రాం మార్చగలదా, మనిషే కూర్చుని మార్చాలా?

రెండో గడి నింపేటప్పుడు నిజాయితీ కావాలి. "చిన్న మార్పే, పేరు మార్చుకుంటే చాలు" అని మనం రాస్తాం. ఆ పేరు ఎవరి ప్రాజెక్టులోనో రెండు వందల ఫైళ్లలో ఉంటుంది.

ముప్పై ఒకటిలో పద్నాలుగు అక్కడికక్కడే కొట్టేశాం. అవన్నీ మా కంటికి అందంగా లేవన్న కారణంతో చేరినవి. పేరులో అండర్‌స్కోర్ ఎక్కడుండాలన్నది వాటిలో ఒకటి, దాని మీద ముప్పావుగంట పోట్లాడుకున్నాం. మిగిలిన పదిహేడులో భద్రతకి సంబంధించినవి నాలుగు, కొత్త పైథాన్ అసింక్ పద్ధతికి (ఒక పని ఎదురుచూస్తుండగా ఇంకోటి నడిపేదానికి) అడ్డొచ్చేవి ఆరు. వీటికి తిరుగులేదు. మిగతా ఏడూ వాదించుకోవాల్సినవి.

జాబితా పూర్తయ్యాక అందులో భద్రతో, వేగమో, భాష కొత్త వెర్షనో ఒక్కటీ లేకపోతే మేజర్ వెర్షన్ ఆలోచన మానుకోండి. ఇంకో మైనర్ వేసుకుని హాయిగా ఉండండి.

రెండో అడుగు: వాడేవాళ్ల దగ్గరికి వెళ్లండి

గిట్‌హబ్‌లో మీ ప్యాకేజీ మీద ఆధారపడ్డ రిపోలు (ప్రాజెక్టుల కోడ్) కనిపిస్తాయి. కానీ బహిరంగంగా ఉన్నవే. గుంటూరు బ్రాడీపేటలో రెండు గదుల ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో, కొట్ల వెనక గదుల్లో నడిచే ప్రైవేటు కోడ్ అక్కడ కనపడదు. మా లెక్కన వాడకంలో ఎక్కువ భాగం అదే.

అందుకని ఈసారి నేనే గుంటూరు వెళ్లాను. బస్టాండులో దిగి, ముందు మావాడి దగ్గరికి, అక్కడి నుంచి కొట్టుకి. గుమాస్తా గారు నన్ను చూసి, "తేదీ మార్చింది మీరేనా బాబూ?" అన్నారు. కూర్చోబెట్టి టీ ఇప్పించారు. రెండు గంటలు ఆయన పక్కనే కూర్చుని చూశాను. కాటా అయిన వెంటనే బరువు ఎక్కించడం, రేటు, కమీషన్, కూలీ ఖర్చులు, పట్టీ. ప్రింటర్ ఆగితే బయట రైతులు నిలబడతారు. "ఇప్పుడు మార్చకండి. మే నెలలో యార్డుకి సెలవులిస్తారు, అప్పుడు మీ ఇష్టం" అన్నారు. మా రోడ్‌మ్యాప్‌లో మొదటి గట్టి తేదీ అలా దొరికింది.

ఆ సాయంత్రం మావాడి కోడ్ తెరిచి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. మేం ఎక్కడా డాక్యుమెంట్ చేయని ఒక లోపలి ఫంక్షన్‌ని వాడు పదకొండు చోట్ల పిలుస్తున్నాడు. "అది వాడకూడదురా" అంటే, "పనిచేస్తోంది కదా, వాడకూడదని ఎక్కడ రాశారు?" అన్నాడు. గూగుల్ ఇంజనీరు హైరమ్ రైట్ పేరు మీద ఒక సూత్రం ఉంది: వాడేవాళ్లు తగినంతమంది ఉంటే, మీరు మాటిచ్చినా ఇవ్వకపోయినా, బయటికి కనిపించే ప్రతి ప్రవర్తన మీదా ఎవరో ఒకరు ఆధారపడి ఉంటారు. దానికి నేను చూసిన సాక్ష్యం అరండల్‌పేటలో మావాడి ల్యాప్‌టాప్.

మూడో అడుగు: కాలువలేవో, గేట్లేవో తేల్చండి

కృష్ణ మీద 1855లో పూర్తయిన పాత ఆనకట్టకి 1952లో గండి పడింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కట్టడం కొత్తది, గేట్లు కొత్తవి, పైన రోడ్డు కొత్తది. కానీ ఏలూరు కాలువ, బందరు కాలువ, అవతలి ఒడ్డున కొమ్మమూరు కాలువ అవే. కింద పొలాలున్న రైతు తన బోదెని ఇంకోవైపు తిప్పుకోవాల్సిన పని పడలేదు.

ఫ్రేమ్‌వర్క్‌లో కూడా ఈ గీత గీసుకోవాలి. రౌట్ ఎలా రాస్తారు, రిక్వెస్ట్ వస్తువులో ఏమేం ఉంటాయి, టెంప్లేట్ ఎలా పిలుస్తారు, సెట్టింగుల పేర్లు, ప్లగిన్లు తగులుకునే చోట్లు: ఇవి కాలువలు. వెనకాల పార్సర్, కాష్, కనెక్షన్ పూల్: ఇవి గేట్లు. గేట్లు ఎప్పుడైనా మార్చుకోండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాలువ మళ్లించాలంటే మాత్రం కింద ఎవరి పొలం ఉందో చూసుకోవాలి.

ఈ గీత కోడ్‌లోనే కనపడాలి. లోపలివాటి పేర్ల ముందు అండర్‌స్కోర్, డాక్యుమెంటేషన్‌లో "ఇది పబ్లిక్" అన్న స్పష్టమైన పేజీ. డిఫాల్ట్ విలువలు కూడా కాలువలేనని తేదీ గొడవ తర్వాత చేర్చుకున్నాం.

నాలుగో అడుగు: ప్రతి మార్పుకీ ఒక కాగితం

దీన్ని ఆర్‌ఎఫ్‌సీ (రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్, అంటే అభిప్రాయాలు అడిగే పత్రం) అంటారు. రెండు పేజీలు దాటకూడదు. ఇప్పుడు కోడ్ ఎలా ఉంది, రేపు ఎలా ఉంటుంది, మారడానికి దారేమిటి, వద్దనుకున్న ప్రత్యామ్నాయాలేమిటి. ఆఖరిది తప్పనిసరి. అది లేకపోతే ప్రతి వారం ఎవరో ఒకరు వచ్చి అదే ప్రశ్న అడుగుతారు.

కాగితం బయటపెట్టేటప్పుడు మాట జాగ్రత్త. 2019 జూన్‌లో జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ వ్యూ 3 కోసం కొత్త ఫంక్షన్ పద్ధతి ప్రతిపాదించినప్పుడు, పాత పద్ధతి పోతుందేమోనని జనం కంగారుపడి పెద్ద రభస చేశారు. తర్వాత అది కంపోజిషన్ ఏపీఐగా, పాత ఆప్షన్స్ పద్ధతికి తోడుగా వచ్చింది. నాకర్థమైనంతలో, డిజైన్ మీద అభ్యంతరం కన్నా "నేను నేర్చుకున్నది వృథానా" అన్న భయం పెద్దది. కాబట్టి మీ కాగితంలో మొదటి లైను "మీ పాత కోడ్ ఫలానా వెర్షన్ దాకా పనిచేస్తుంది" అని ఉండాలి. గొప్పలు రెండో పేరాలో చెప్పుకోవచ్చు.

మూడు వారాలు గడువు పెట్టండి. ఆ తర్వాత ఒక మనిషి నిర్ణయం చెప్పాలి. మాలో ఆ పని ఒకమ్మాయికి అప్పజెప్పాం. ఆవిడ నిర్ణయం నచ్చకపోతే ఒక్కసారి రాతపూర్వకంగా చెప్పొచ్చు, అంతే.

ఐదో అడుగు: డిప్రికేషన్. నిజమైన పని ఇదే

డిప్రికేషన్ అంటే పాతదాన్ని వెంటనే తీసేయకుండా, త్వరలో పోతుందని ముందే హెచ్చరించడం. మొత్తం ప్లాన్‌లో సగం సమయం దీనికి పెట్టండి. 3.0లో పోయే ప్రతి వస్తువుకీ 2.x మైనర్ వెర్షన్లలోనే కొత్త ప్రత్యామ్నాయం వచ్చేయాలి. పాతది, కొత్తది పక్కపక్కన కనీసం రెండు మైనర్లు బతకాలి. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో నియమం ఇలాంటిదే. ఒక శ్రేణిలో డిప్రికేట్ చేసినది ఆ శ్రేణి అంతా పనిచేసి, తర్వాతి సున్నా వెర్షన్‌లో పోతుంది. శ్రేణిలో ఆఖరి వెర్షన్‌లో డిప్రికేట్ చేస్తే ఇంకో మెట్టు తర్వాత తీసేస్తారు. వార్నింగ్ పేరులోనే ఏ వెర్షన్‌లో తీసేస్తారో అంకె ఉంటుంది. ఆ ఒక్క అలవాటు మేం కళ్లకద్దుకుని తెచ్చుకున్నాం.

వార్నింగ్ ఎలా రాయాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది, కాదు. "ఈ ఫంక్షన్ డిప్రికేట్ అయింది" అని రాస్తే చదివినవాడికి మిగిలేది టెన్షన్ మాత్రమే. ఏం పోతోంది, ఎప్పుడు పోతోంది, బదులుగా ఏం రాయాలి అన్న మూడూ అదే వాక్యంలో ఉండాలి. పైథాన్‌లో అయితే స్టాక్‌లెవెల్ 2 ఇవ్వడం మర్చిపోకండి. ఇవ్వకపోతే వార్నింగ్ మీ ఫ్రేమ్‌వర్క్ లోపలి లైను చూపిస్తుంది, వాడినవాడి లైను కాదు. వాడు మీ కోడ్ తెరిచి బుర్ర గోక్కుంటాడు.

ఇంకో చిక్కు ఉంది. డిప్రికేషన్ వార్నింగులని పైథాన్ మామూలుగా దాచేస్తుంది. నేరుగా నడిపే ప్రధాన ఫైలులో పుట్టినవి తప్ప మిగతావి తెర మీదకి రావు. టెస్టుల పనిముట్టు పైటెస్ట్ నడిపేవాళ్లకి కనపడతాయి. మరి టెస్టులు రాయనివాళ్ల సంగతి? మా గుంటూరు మిత్రుడి ప్రాజెక్టులో టెస్టుల సంఖ్య సున్నా. అందుకని 2.9లో ఒక కమాండ్ పెట్టాం. అది ప్రాజెక్టంతా చదివి, ఏ ఫైలులో ఏ లైను 3.0లో ఆగిపోతుందో ఒక జాబితా ఇస్తుంది. మొత్తం వెర్షన్‌లో జనం ఎక్కువ మెచ్చుకున్నది ఆ కమాండే. కొత్త రౌటర్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు, అది రాయడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

ఆరో అడుగు: యంత్రం చేయగలిగింది యంత్రంతో

పేరు మారడం, ఆర్గ్యుమెంట్ల వరస మారడం, ఇంపోర్ట్ దారి మారడం కోడ్‌మాడ్‌కి (కోడ్‌ని తనంతట తానే మార్చే ప్రోగ్రాంకి) వదిలేయండి. వెతికి మార్చే పద్ధతి వద్దు, కోడ్‌ని చెట్టుగా పార్స్ చేసి మార్చండి. లేకపోతే కామెంట్లలో, స్ట్రింగుల్లో ఉన్నవి కూడా మారిపోతాయి.

అయితే కోడ్‌మాడ్ ఉందని ధీమా వద్దు. పైథాన్ 3.0 వచ్చింది 2008 డిసెంబర్‌లో. 2టు3 అనే మార్పిడి పనిముట్టు కూడా అప్పట్లో ఉండేది. అయినా 2020 జనవరి 1న పైథాన్ 2కి సెలవు చెప్పేసరికి దాదాపు ఒక పుష్కరం గడిచింది. అంత పెద్ద మార్పుకి కారణాలు చాలా ఉంటాయి గానీ, మనకి పనికొచ్చే పాఠం ఒకటుంది. లైబ్రరీలు రాసేవాళ్లకి కావలసింది ఒకసారి మార్చేసే యంత్రం కాదు, ఒకే కోడ్ రెండు వెర్షన్లలోనూ నడవడం. వాళ్ల యూజర్లు రెండువైపులా ఉన్నారు మరి. అందుకే సిక్స్ లాంటి లైబ్రరీలు పుట్టాయి. పైథాన్ 3లో తీసేసిన, స్ట్రింగ్ ముందు యూ అక్షరం పెట్టే రాతని 2012లో 3.3లో మళ్లీ తెచ్చిపెట్టారు.

మీ ప్లాన్‌కి ఒక పరీక్ష పెట్టుకోండి: ఒక ప్లగిన్ రచయిత ఒకే ఫైలుతో 2.9లోనూ 3.0లోనూ పాస్ అవ్వగలడా? కాలేడంటే ఐదో అడుగులో ఏదో వదిలేశారు.

ఏడో అడుగు: బ్రాంచీలు, ప్రీ రిలీజులు

3.0 కోసం వేరే బ్రాంచి తీసి ఏడాది పాటు అందులో మునిగిపోకండి. తిరిగొచ్చేసరికి 2.x ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. పని అంతా మెయిన్‌లోనే జరగాలి, కొత్త ప్రవర్తన ఒక సెట్టింగు వెనక ఉండాలి. 3.0 అంటే ఆ సెట్టింగు డిఫాల్ట్ కావడం, పాత దారి కోడ్ చెరిపేయడం. మాకు ఆ చెరిపే పని నాలుగు రోజుల్లో అయిపోయింది.

ఆల్ఫా ప్లగిన్ రాసేవాళ్లకి, బీటా ధైర్యవంతులకి, ఆర్‌సీ (విడుదలకి ముందు ఆఖరి ప్రయోగ వెర్షన్) అందరికీ. పిప్ ప్రీ రిలీజులని అడిగితే తప్ప ఇన్‌స్టాల్ చేయదు, జావాస్క్రిప్ట్ ప్యాకేజీల ఎన్‌పీఎంలో అయితే నెక్స్ట్ అనే ట్యాగ్ కింద పెట్టొచ్చు. వ్యూ 3 విడుదలైంది 2020 సెప్టెంబర్‌లో, ఎన్‌పీఎంలో డిఫాల్ట్ అయింది 2022 ఫిబ్రవరిలో. ఆ మధ్యకాలం చుట్టుపక్కల లైబ్రరీలు అందుకోవడానికి. మనకి అంత సమయం అక్కర్లేకపోవచ్చు, కానీ ఎక్కువగా వాడే ఐదారు ప్లగిన్ల టెస్టులు మన సీఐలోనే (టెస్టులు తనంతట తానే నడిపే ఏర్పాటులోనే) రోజూ నడపాలి. ఏదైనా విరిగితే "మీది విరిగింది" అని ఇష్యూ వేయడం కాదు, సరిచేసిన కోడ్‌తో పుల్ రిక్వెస్ట్ మనమే పంపాలి.

ఎనిమిదో అడుగు: తేదీ, పాతదాని ఆయుష్షు

సౌకర్యాలన్నీ అయ్యాక విడుదల అనుకుంటే ఎప్పటికీ కాదు. పెర్ల్ 6 అనే ప్రోగ్రామింగ్ భాష ప్రకటన 2000లో, మొదటి స్థిరమైన విడుదల 2015 క్రిస్మస్‌కి. పుష్కరం దాటి మూడేళ్లు. 2019లో దాని పేరే రాకు అని మార్చేశారు. తేదీ ముందు పెట్టుకోండి, అందనివి 3.1కో 4.0కో తోసేయండి.

పాత వెర్షన్‌కి ఎన్నాళ్లు సెక్యూరిటీ ఫిక్సులిస్తారో 3.0 వచ్చాక కాదు, ఆల్ఫా రోజే ప్రకటించండి. 2014 అక్టోబర్‌లో ఏంగ్యులర్ 2 గురించి చెప్పినప్పుడు, పాత ఏంగ్యులర్‌జేఎస్‌లో రాసుకున్నవాళ్లకి అది దాదాపు వేరే ఫ్రేమ్‌వర్క్‌లా కనిపించింది. 2016 సెప్టెంబర్‌లో అది విడుదలయ్యేలోపు మా సీనియర్లు కొందరు రియాక్ట్‌కి వెళ్లిపోయారు. పాతదానికి సపోర్టు చివరికి 2021 డిసెంబర్ దాకా నడిచింది. అది మొదటి రోజే తెలిసుంటే సగం మంది కదిలేవాళ్లు కాదేమో.

మా ఆరుగురికీ ఉద్యోగాలున్నాయి. అందుకే 2.9కి రెండేళ్లు, సెక్యూరిటీ ఫిక్సులు మాత్రమే అన్నాం. మూడేళ్లు అనాలని ఉంది, కానీ నిలబెట్టుకోలేని మాట ఇవ్వడం ఎందుకు.

విడుదల వారం

శుక్రవారం సాయంత్రం వద్దు. మంగళవారం పొద్దున మంచిది, ఆ తర్వాత మూడు రోజులు ఇద్దరైనా ఆఫీసుకి సెలవు పెట్టి ఇష్యూలు చూడాలి. దానికి పది రోజుల ముందు 2.9లో ఒక చిన్న విడుదల చేసి, "వెర్షన్‌కి పైహద్దు పెట్టుకోండి, 3 కన్నా తక్కువ అని రాయండి" అని అందరికీ గుర్తుచేయండి. ఏదైనా ఘోరంగా విరిగితే పైథాన్ ప్యాకేజీలు ఉండే పైపీఐలో యాంక్ చేయొచ్చు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లకి అది రాదు, ఆ అంకెనే కచ్చితంగా అడిగినవాళ్లకి వస్తుంది. తొలగించడం మాత్రం వద్దు.

మైగ్రేషన్ గైడ్ మేం ఇంగ్లీషులో రాశాం. దాంతోపాటు నలభై నిమిషాల వీడియో తెలుగులో చేశాం, ఒక నిజమైన చిన్న ప్రాజెక్టుని మొదటి నుంచి చివరిదాకా మారుస్తూ, మధ్యలో మాకొచ్చిన ఎర్రర్లతో సహా. ఇక్కడి కాలేజీ పిల్లలు గైడ్ కన్నా దాన్నే ఎక్కువ చూశారు.

మేం 3.0ని ఏప్రిల్‌లో వదిలాం. మావాడు మాత్రం 2.9 మీదే ఉండి, యార్డుకి సెలవులిచ్చాక మే రెండో వారంలో మారాడు. మా కమాండ్ ఇరవై మూడు లైన్లు చూపించింది, పంతొమ్మిది కోడ్‌మాడ్ మార్చింది, నాలుగు వాడే మార్చుకున్నాడు. మధ్యాహ్నానికి అయిపోయింది. సాయంత్రం ఒక పట్టీ ఫొటో పంపాడు, తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి.